పేరిచ్చినవాళ్లకు పని చూపించిన ఊళ్లు: 1940లో బ్రిటన్ స్థానిక రక్షణ దళాలు పుట్టిన తీరుపై ఒక కేస్ స్టడీ

1940 మే 14, మంగళవారం. రాత్రి తొమ్మిది గంటల బీబీసీ వార్తలు అయ్యాక బ్రిటన్ యుద్ధ శాఖ మంత్రి ఆంథనీ ఈడెన్ రేడియోలో మాట్లాడారు. ఆయన ఆ పదవిలోకి వచ్చి వారం కూడా కాలేదు. చెప్పింది మాత్రం సూటిగా ఉంది. 17 నుంచి 65 ఏళ్ల లోపు వయసుండి, సైన్యంలో లేని మగవాళ్లు ముందుకు రావాలి. జీతం ఉండదు. యూనిఫాం, ఆయుధం ఇస్తారు. చేస్తున్న ఉద్యోగం మానక్కర్లేదు, ఖాళీ వేళల్లో చేస్తే చాలు. చేరదలచుకున్నవాళ్లు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి పేరివ్వాలి. దళం పేరు లోకల్ డిఫెన్స్ వాలంటీర్స్.

ప్రసంగం ముగియకముందే కొన్ని ఊళ్లలో స్టేషన్ మెట్ల దగ్గర మనుషులు చేరారు. యుద్ధ శాఖ 1.5 లక్షల మంది వస్తారనుకుంటే, కొద్ది రోజుల్లోనే 2.5 లక్షల మంది పేర్లిచ్చారు. జులై ముగిసేసరికి ఆ సంఖ్య 10 లక్షలు దాటి, 15 లక్షల దాకా వచ్చింది.

నేను విశాఖ తీరంలో పౌర రక్షణ, విపత్తు సేవల వాలంటీర్లకు శిక్షణ ఇస్తుంటాను. ఊళ్లో ఒక దళాన్ని కొత్తగా ఎలా కట్టాలి అని కొత్త శిక్షకులు అడిగితే ముందు ఈ కేసే చెబుతాను. ఆ యుద్ధం వేరు, ఆ దేశం వేరు. కానీ పిలవగానే జనం రావడం, వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో పిలిచినవాళ్లకే తెలియకపోవడం, ఆ గందరగోళంలోంచి కొన్ని ఊళ్లు దారి వెతుక్కోవడం ఇంత స్పష్టంగా కనిపించే కేసు నాకు ఇంకోటి దొరకలేదు.

ఇందులో నేను చూసేది మే నుంచి సెప్టెంబర్ వరకు మాత్రమే. ఆ తర్వాత నాలుగేళ్ల చరిత్ర ఉంది, దాన్ని అవసరమైన చోటే ముట్టుకుంటాను. నేను దీన్నుంచి తీసుకున్నది ఒక్క సంగతి. పేరిచ్చిన మనిషికి వారం తిరక్కముందే, అతనికి కొట్టినపిండి అయిన నేల మీద, అతనికంటూ ఒక పని అప్పజెప్పాలి. ఆ పని దొరికిన చోట తుపాకీ లేకపోయినా దళం నిలబడింది. దొరకని చోట తుపాకీ వచ్చాక కూడా అల్లరే మిగిలింది.

ప్రభుత్వం కంటే ముందే కదిలిన ఊరు

ఈడెన్ మాట్లాడడానికి రెండు నెలల ముందే ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మచ్ మార్కల్ అనే పల్లెలో ఒక దళం పుట్టింది. దాన్ని కట్టింది లేడీ హెలెనా గ్లైఖెన్. విక్టోరియా మహారాణికి బంధువు, చిత్రకారిణి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ రణరంగంలో ఎక్స్‌రే అంబులెన్స్ నడిపిన మనిషి. 1940 మార్చిలో ఆవిడ తన ఎస్టేట్‌లో పనిచేసేవాళ్లను, కౌలుదార్లను పోగుచేసి 80 మందితో కాపలా జట్టు పెట్టి, దానికి ‘మచ్ మార్కల్ వాచర్స్’ అని పేరు పెట్టారు. తర్వాత దగ్గర్లోని సైనిక దళం దగ్గరికి వెళ్లి 80 రైఫిళ్లు, తూటాలు, వీలుంటే రెండు మెషిన్ గన్లు ఇప్పించమని అడిగారు. వాళ్లు కుదరదని పంపేశారు.

ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకైతే ఇందులో నవ్వవలసింది ఏమీ కనిపించదు. దళం కట్టే పనిలో ఉన్నవాళ్లు చూడాల్సింది ఆవిడ పని జరిపిన వరస. మనుషులు ఎవరు, వాళ్లు ఒకరికొకరు ఎలా తెలుసు, ఏ పొలాన్ని ఎవరు చూస్తారు అన్నది ముందే తేలిపోయింది. ఆయుధం ఆ తర్వాత అడిగారు. ప్రభుత్వం మేలో ఈ వరసను తలకిందులు చేసింది. యూనిఫాం, ఆయుధం ఇస్తామని ముందు మాటిచ్చింది, మనిషి ఏం చేయాలో తర్వాత ఆలోచించింది.

అంత తొందర ఎందుకు

మే 10న జర్మనీ హాలండ్, బెల్జియంల మీద పడింది. హేగ్, రోటర్‌డామ్ చుట్టుపక్కల ఆకాశంలోంచి పారాచూట్ సైనికులు దిగారు. బెల్జియంలో చాలా గట్టిదనుకున్న ఎబెన్ ఎమాయెల్ కోట మీద గ్లైడర్లలో వచ్చి వాలారు. ఈ వార్తలు పేపర్లలో చదివిన బ్రిటన్ పల్లె జనానికి యుద్ధం ఇక సముద్రం అవతల ఉండేది కాదని అర్థమైంది. పొలంలో పని చేసుకుంటుంటే నెత్తిమీదకి దిగొచ్చు. కొన్నిచోట్ల వేట తుపాకులు పట్టుకుని సొంతంగా గస్తీ తిరగడం కూడా మొదలుపెట్టారు.

ప్రభుత్వాన్ని కంగారు పెట్టింది ఇదే. శత్రువు ఎంత భయమో, ఎవరికివారు తుపాకీ పట్టుకుని తిరిగే గుంపులు కూడా అంతే భయం. పైగా చట్టం చిక్కొకటి ఉంది. యూనిఫాం లేకుండా తుపాకీ పట్టిన పౌరుడు శత్రువు చేతికి చిక్కితే యుద్ధ ఖైదీ కాడు, కాల్చేయొచ్చు. జర్మన్ రేడియో ఈ వాలంటీర్లను హంతక ముఠాలని తిట్టింది కూడా. అందుకే మే 17నే నిబంధనలు జారీ చేసి వీళ్లను సైన్యంలో భాగంగా ప్రకటించారు. వాలంటీర్లు చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ, దాని మీద ఎల్‌డీవీ (లోకల్ డిఫెన్స్ వాలంటీర్స్) అన్న మూడు అక్షరాలు, అలంకారం కోసం కాదు. యూనిఫాం వచ్చేదాకా ఆ మనిషి సైనికుడని చెప్పే గుర్తు అదొక్కటే.

ఇప్పుడు వాలంటీర్లకు జాకెట్, ఐడీ కార్డు ఇచ్చేటప్పుడు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. అది వేసుకున్నాక నీ పని మీద ఒక వ్యవస్థకు బాధ్యత ఉంటుంది, నీకూ దానికి జవాబు చెప్పుకునే బాధ్యత ఉంటుంది.

స్టేషన్ దగ్గర వరస

స్టేషన్లకు ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు. దరఖాస్తు ఫారాలు లేవు. పోలీసులు దొరికిన కాగితం మీద పేరు, చిరునామా, వయసు, తుపాకీ పట్టిన అనుభవం ఉందా అన్నది రాసుకున్నారు. వైద్య పరీక్ష లేదు. వచ్చినవాళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు అప్పట్లో కల్నల్లు, జనరల్స్. గడ్డాలు నెరిసినవాళ్లు వయసు తగ్గించి చెప్పారు, మీసాలు రానివాళ్లు పెంచి చెప్పారు.

పేర్లు రాసుకుని ‘కబురు చేస్తాం’ అని పంపేశారు. తర్వాత రోజులు గడిచాయి. కొన్నిచోట్ల వారాలు గడిచాయి.

ఈ దశ ప్రమాదం మా పనిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో కూలిన చెట్లు తియ్యడానికి కాలేజీ కుర్రాళ్లు ఎక్కడికక్కడ పోగయ్యారు. వచ్చినవాళ్లకు ఆ వీధి నీది, ఈ రంపం నీది అని చెప్పేవాళ్లు ఉన్న చోట సాయంత్రానికి దారి తెరుచుకుంది. పేరు, ఫోన్ నంబరు రాసుకుని ఇంటికి పంపిన చోట మర్నాడు ఆ కుర్రాళ్లు ఫోన్ ఎత్తలేదు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒకసారి వచ్చి ఖాళీగా తిరిగి వెళ్లిన మనిషికి ‘మనతో వీళ్లకు అవసరం లేదు’ అన్న మాట మనసులో పడిపోతుంది. దాన్ని తియ్యడం చాలా కష్టం.

బ్రిటన్‌లో కూడా విసుగు మొదలైంది. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. తుపాకులు ఎక్కడ, శిక్షణ ఎక్కడ అని పేపర్లు అడిగాయి. జనం ఎల్‌డీవీ అన్న ఆ మూడక్షరాలకు ‘లుక్, డక్, వానిష్’, అంటే ‘చూడు, వంగు, మాయమైపో’ అని కొత్త అర్థం కట్టారు. అయినా దళం చెదిరిపోలేదు. ఎందుకు చెదరలేదన్నదే ఈ కేసులో నాకు అసలు ప్రశ్న.

కంపెనీ ఎలా కట్టారు

పైనుంచి కిందికి జరిగింది ఇదీ. ప్రతి కౌంటీలో (మన జిల్లా లాంటిది) రాజు ప్రతినిధిగా ఉండే లార్డ్ లెఫ్టినెంట్ ప్రాంతీయ నిర్వాహకులను ఎంపిక చేశారు. వాళ్లు బెటాలియన్, కంపెనీ కమాండర్లను వెతికారు. ఎక్కువగా రిటైరైన సైనికాధికారులే ఆ పదవుల్లోకి వచ్చారు. మొదట్లో వీళ్లకు అధికారికంగా సైనిక హోదాలు లేవు, చేసే పనిని బట్టే పిలుపు. ఆఫీసు ఖర్చులు, పెట్రోలు చాలామంది తమ జేబులోంచే పెట్టుకున్నారు. బెటాలియన్ కింద కంపెనీలు, కంపెనీ కింద ప్లటూన్లు, వాటి కింద సెక్షన్లు అనే చిన్న జట్లు.

కింద జరిగింది మాత్రం ఏ కాగితంలోనూ ఇంత చక్కగా రాసి లేదు. సెక్షన్ అంటే ఒక వీధి, ఒక చిన్న పల్లె, ఒక ఫ్యాక్టరీ షిఫ్టు. అందులోనివాళ్లు అప్పటికే ఒకరినొకరు ఎరిగినవాళ్లు. రైల్వే వాళ్లు తమ పట్టాలకు, పోస్టాఫీసు వాళ్లు తమ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు, ఫ్యాక్టరీల వాళ్లు తమ గేట్లకు సొంత దళాలు పెట్టుకున్నారు. థేమ్స్ నది ఎగువ భాగంలో పడవలున్నవాళ్లు నది గస్తీ తీసుకున్నారు. పార్లమెంటు భవనంలో పనిచేసేవాళ్లు ఆ భవనానికే కాపలా కాశారు. పల్లెల్లో అడవి కాపలాదారుడికి, ఆ అడవిలో దొంగతనంగా కుందేళ్లు పట్టేవాడికి ఇద్దరికీ ఒకే సెక్షన్‌లో చోటు దొరికింది. చీకట్లో ఏ గట్టు ఎక్కడుందో ఆ ఇద్దరికీ తెలిసినంతగా ఏ సైనికుడికీ తెలియదు.

ఇక వాళ్లకు అప్పజెప్పిన మొదటి పని: పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా చూడడం. అంతే, చూడడం. ఊళ్లో ఎత్తైన చోటు ఏదో చూసుకునేవాళ్లు. చర్చి గోపురం, కొండ, గాలిమర. ఇద్దరిద్దరు కలిసి రెండేసి గంటలు వంతులు వేసుకునేవాళ్లు. చేతికి పట్టీ, దొరికితే ఒక వేట తుపాకీ, ఎవరింట్లోనో ఉన్న బైనాక్యులర్, కింద గోడకు ఆనించిన సైకిల్. ఆకాశంలోంచి ఏదైనా దిగితే ఒకడు అక్కడే ఉండాలి, ఇంకొకడు సైకిలెక్కి టెలిఫోన్ ఉన్న చోటికి వెళ్లాలి. తెల్లారాక ఇద్దరూ ఇంటికెళ్లి ముఖం కడుక్కుని, ఒకరు పాలు పితకడానికి, ఒకరు బ్యాంకుకి వెళ్లేవాళ్లు.

దళాన్ని నిలబెట్టింది ఈ రాత్రి కాపలాయే అని నా నమ్మకం. అందులో మూడు సంగతులు ఒక్కచోట కలిశాయి. చేసేవాడికి ఆ చోటు తెలుసు. తాను రాకపోతే పక్కవాడు ఒంటరిగా నిలబడాలని తెలుసు. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. వాలంటీరుకు ఇంతకంటే పెద్ద శిక్షణ మొదటి వారంలో అక్కర్లేదు. మిగతాదంతా దీని మీద కట్టుకోవచ్చు.

లండన్‌లో జరిగిన తీరు కొంచెం వేరు. అక్కడ పొరుగువాడి పేరు కూడా తెలియనివాళ్లు ఒకే కంపెనీలో పడ్డారు. సెయింట్ జాన్స్ వుడ్ ప్రాంతపు కంపెనీ దీనికి మంచి ఉదాహరణ. ఆ జూన్‌లో స్థానిక వాలంటీర్ల సమావేశం ఒకటి లార్డ్స్ క్రికెట్ మైదానంలోని కమిటీ గదిలో జరిగింది. ఆ కంపెనీలో ఒక సెక్షన్‌కి సార్జెంట్‌గా ఉన్న ఎరిక్ బ్లెయిర్‌ను లోకం జార్జ్ ఆర్వెల్ అన్న పేరుతో ఎరుగుతుంది. పుట్టింది మన బీహార్‌లోని మోతీహారిలో, కొన్నేళ్లు బర్మాలో పోలీసు ఉద్యోగం, తర్వాత స్పెయిన్ యుద్ధంలో గొంతులోంచి తూటా దూసుకెళ్లింది. ఆయన సెక్షన్‌లో కార్పొరల్‌గా ఉన్నది ఆయన పుస్తకాలు అచ్చువేసే ప్రచురణకర్త! వీధి పోరాటం మీద తన మనుషులకు చెప్పడానికి ఆయన రాసుకున్న నోట్సు ఇప్పటికీ ఉంది. పరిచయం లేని మనుషుల దళానికి అనుభవం ఉన్న సార్జెంట్ ఒక్కడు ఎంత పెద్ద అండో ఇక్కడ తెలుస్తుంది. పల్లెలో ఆ పని ఊరి బంధం చేసింది, పట్నంలో మనిషి చెయ్యాల్సి వచ్చింది. పట్నంలో దళం కడితే ముందు సెక్షన్ లీడర్లను వెతకండి. సభ్యులు తర్వాత.

తుపాకీ కంటే ముందు రావలసింది

ఇప్పుడు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించే భాగం.

మే నెలాఖరుకు రోడ్ల మీద అడ్డుకట్టలు లేచాయి. పాత బండ్లు, నరికిన చెట్లు, ఇసుక బస్తాలు, ఏది దొరికితే అది. దారి చెప్పే బోర్డులు పీకేశారు, శత్రువు దారి తప్పాలని. రాత్రి దీపాల మీద నిషేధం, కార్ల లైట్లకు ముసుగులు. ఇంజిన్ చప్పుడులో ‘ఆగు’ అన్న కేక డ్రైవరుకు వినపడదు. అడ్డుకట్ట వెనక నిలబడ్డవాడి చేతిలో నిన్ననో మొన్ననో ఇచ్చిన తుపాకీ. మనసు నిండా పారాచూట్ వార్తలు. జూన్ మొదటి రోజుల్లో, ఒక్క రాత్రిలోనే వేర్వేరు చోట్ల నలుగురు వాహనదారులు వాలంటీర్ల తూటాలకు చనిపోయారు. వాళ్లెవరూ శత్రువులు కారు.

ఆ కాల్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. దేశం కోసం నిద్ర మానుకుని నిలబడ్డవాళ్లు. వాళ్ల చేతికి ఆయుధం అందింది, కానీ దాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పేవాడు అందలేదు. ఎన్నిసార్లు పిలవాలి, లాంతరు ఎలా ఊపాలి, బండి ఆగకపోతే ముందు ఏం చెయ్యాలి, ఎవరి ఆజ్ఞ మీద కాల్చాలి. ఈ నాలుగు మాటలు ఒక సాయంత్రంలో నేర్పించొచ్చు. నేర్పించకుండా నిలబెట్టినవాళ్ల మీదే ఆ ప్రాణాల బాధ్యత ఉందని నేను అనుకుంటాను.

మా తీరంలో వాలంటీర్ల చేతిలో తుపాకీ ఉండదు. కానీ తుఫాను రాత్రి రోడ్డు మూసే అధికారం ఉంటుంది, జనాన్ని ఇళ్లలోంచి కదిలించే మాట ఉంటుంది, మైకు ఉంటుంది. తప్పుగా వాడితే వాటితోనూ మనుషులు పోతారు. అందుకే ఏ సామాను ఇచ్చినా, దాన్ని ఎప్పుడు వాడకూడదో ముందు చెప్పించి, తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకుని, అప్పుడే చేతికిస్తాను.

ఆయుధాల కథ క్లుప్తంగా: డంకర్క్ నుంచి సైన్యం వెనక్కి వచ్చేటప్పుడు ఫిరంగులు, బండ్లు, సామగ్రి చాలావరకు ఫ్రాన్స్‌లోనే వదిలేసింది. ఉన్న రైఫిళ్లు ముందు సైన్యానికే కావాలి. వాలంటీర్లకు కెనడా నుంచి సుమారు 75,000 రాస్ రైఫిళ్లు, వేసవిలో అమెరికా నుంచి దాదాపు 5 లక్షల పాత రైఫిళ్లు వచ్చాయి. అమెరికా రైఫిళ్లు మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, ఏళ్ల తరబడి నిల్వ ఉండడానికి దట్టంగా గ్రీజు పూసి పెట్టినవి. పెట్టెలు తెరిచాక మరిగే నీళ్లు పోసి, గుడ్డలతో తుడిచి, ఒక్కో దాన్ని వాడకానికి తేవడానికి గంటలు పట్టేది. స్వచ్ఛంద మహిళా సంఘాల వాళ్లు కూడా కూర్చుని ఈ పని చేశారు. ఇంకో చిక్కేమిటంటే, వాటి తూటా సైజు బ్రిటిష్ రైఫిల్ తూటాకు చాలా దగ్గరగా ఉండి, దానికి సరిపోదు. పొరపాటు జరక్కుండా ప్రతి అమెరికా రైఫిల్ చుట్టూ ఎర్ర రంగు పట్టీ వేశారు. ఇలాంటి చిన్న జాగ్రత్త నాకు చాలా ఇష్టం. చీకట్లో, కంగారులో, సగం శిక్షణ పొందిన మనిషి ఎక్కడ తప్పుతాడో ముందే ఊహించి చేసిన పని అది.

ఆస్టర్లీ బడి

జులైలో లండన్ పశ్చిమ శివార్లలో, ఆస్టర్లీ పార్క్ అనే జమీందారీ తోటలో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. నడిపింది టామ్ వింట్రింగామ్. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937లో హరామా పోరులో బ్రిటిష్ బెటాలియన్‌ను నడిపిన మనిషి. డబ్బు పెట్టింది పత్రికల యజమాని ఎడ్వర్డ్ హల్టన్. సైన్యానికి సంబంధం లేదు. అక్కడ కవాతు తక్కువ. ట్యాంకును ఎక్కడ ఆపాలి, ఎలా కనపడకుండా పాకాలి, సీసాలో పెట్రోలు బాంబు ఎలా చెయ్యాలి, ఇళ్ల మధ్య ఎలా పోరాడాలి అన్నవి నేర్పారు. రంగుల్లో కలిసిపోయి దాక్కునే విద్య చెప్పింది రోలండ్ పెన్‌రోజ్ అనే చిత్రకారుడు. మూడు నెలల్లో వేలమంది నేర్చుకుని వెళ్లారు.

యుద్ధ శాఖకు ఇది మింగుడుపడలేదు. వింట్రింగామ్ ఒకప్పుడు కమ్యూనిస్టు. శరదృతువుకల్లా ఆ బడిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఆయనను మాత్రం దళంలో సభ్యుడిగా చేరనివ్వలేదు. ఆయన నేర్పిన పాఠాలు చాలావరకు నిలిచాయి. ఈ విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. పని తెలిసిన మనిషిని రాజకీయం చూసి పక్కన పెట్టడం వాలంటీర్ దళానికి ఎప్పుడూ నష్టమే. కవాతు ఇష్టపడే రిటైర్డ్ ఆఫీసర్లు క్రమశిక్షణ తెచ్చారు, అది కాదనలేం. కానీ రాత్రి కాపలాకు వచ్చే రైతుకు, గుమాస్తాకు కావలసింది అసలు పని. ఆస్టర్లీకి అంతమంది ఎగబడింది ఆ పని అక్కడ దొరికింది కాబట్టే.

దళం పేరు మారింది కూడా జులైలోనే. జూన్ చివర చర్చిల్ ‘హోం గార్డ్’ అని పెడదామన్నారు. ఈడెన్ ఒప్పుకోలేదు, అప్పటికే పది లక్షల పట్టీలు తయారయ్యాయని చెప్పారు. చర్చిల్ పట్టు వదల్లేదు. జులై మూడో వారం తర్వాత హోం గార్డ్ అన్న పేరే ఖాయమైంది. ఆగస్టు నుంచి ఏ కౌంటీ దళం ఆ కౌంటీ రెజిమెంట్ టోపీ బ్యాడ్జి పెట్టుకునే వీలు వచ్చింది. తండ్రి, తాత పెట్టుకున్న బ్యాడ్జి అది. పైసా ఖర్చు లేకుండా దళానికి వచ్చిన గౌరవం.

సెప్టెంబర్ 7 రాత్రి

జూన్ నుంచి దేశమంతా చర్చి గంటలు మోగించడం ఆపేశారు. గంట మోగిందంటే పారాచూట్లు దిగినట్టే అని నియమం. సెప్టెంబర్ 7న లండన్ మీద భారీ బాంబు దాడి మొదలైంది. అదే సాయంత్రం ఎనిమిది దాటాక సైన్యం ప్రధాన కార్యాలయం ‘క్రామ్‌వెల్’ అనే సంకేత పదం పంపింది. దాని అర్థం, దండయాత్ర ఎప్పుడైనా జరగొచ్చు, సైన్యం తన స్థానాల్లోకి వెళ్లాలి అని. శత్రువు దిగాడని కాదు. కొన్నిచోట్ల హోం గార్డ్ కమాండర్లకు ఆ తేడా తెలియదు. గంటలు మోగించారు. ఒక ఊరి గంట విని పక్క ఊరు మోగించింది. కొన్ని వంతెనలు పేల్చేశారు, రోడ్ల మీద మందుపాతరలు పరిచారు. ఆ మందుపాతరల మీద పడి సొంత సైనికులే చనిపోయారు.

ఆ తర్వాత నియమం బిగించారు. పారాచూట్లు దిగడం తన కళ్లతో చూసినవాడి మాట మీదే గంట కొట్టాలి, ఇంకో గంట విని కాదు.

2025 మే 7న మన దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగినప్పుడు విశాఖలో, హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. దానికి ముందూ వెనకా రెండు మూడు రోజులు వాట్సాప్‌లో తిరిగిన మెసేజులు చూసి చాలా ఇళ్లలో టెన్షన్ పడ్డారు. ఫలానా చోట కరెంటు తీసేస్తారు, ఫలానా చోట ఏదో జరిగింది అని. మా వాలంటీర్ల గ్రూపుల్లో అప్పుడు పెట్టిన నియమం 1940 నాటిదే: నువ్వు చూశావా? చూస్తే ఎక్కడ, ఎప్పుడు? చూడకపోతే ఫార్వర్డ్ చెయ్యకు.

ఆడవాళ్లను బయట పెట్టిన దళం

బ్రిటన్‌లో మొదటి ఊరి దళాల్లో ఒకదాన్ని కట్టింది ఒక స్త్రీ. ఈడెన్ పిలుపు మాత్రం మగవాళ్లకే. రైఫిళ్ల గ్రీజు తుడవడానికి, టీ కాచడానికి, టెలిఫోన్ దగ్గర కూర్చోవడానికి ఆడవాళ్లు కావాలి, పేరు రిజిస్టరులో ఉండకూడదు. డాక్టరు, లేబర్ పార్టీ ఎంపీ అయిన ఎడిత్ సమర్‌స్కిల్ దీని మీద పార్లమెంటులో పట్టుబట్టి పోరాడారు. స్త్రీల కోసం విడిగా విమెన్స్ హోం డిఫెన్స్ అని పెట్టి తుపాకీ వాడకం నేర్పించారు. 1943 ఏప్రిల్‌కి గానీ హోం గార్డ్‌లో సహాయకులుగా ఆడవాళ్లను అధికారికంగా ఒప్పుకోలేదు. అప్పుడు కూడా యూనిఫాం లేదు, ఒక బ్యాడ్జి ఇచ్చారు. ఆయుధం లేదు.

ఇది అన్యాయం అన్నది ఒక మాట. దళం కట్టేవాడిగా నాకు ఇది పెద్ద అసమర్థత కూడా. పగలు ఊళ్లో ఉండేది ఎవరు? మగవాళ్లు పనికి పోయాక ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఏ వీధి కొత్త మనిషిని ఎవరు ముందు గుర్తుపడతారో, ఆ తెలివిడి అంతా ఆడవాళ్ల దగ్గర ఉంది. దాన్ని మూడేళ్లు వాడుకోలేదు.

మా దగ్గర ఈ పాఠం ఎలా వాడుతున్నాం

విశాఖకు యుద్ధం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. మన దేశంలో హోంగార్డు దళం 1946 డిసెంబర్‌లో బొంబాయిలో మొదలై, 1962 చైనా యుద్ధం తర్వాత అన్ని రాష్ట్రాల్లో ఒక పద్ధతిలోకి వచ్చింది. ఈరోజు ట్రాఫిక్ దగ్గర, పండగ బందోబస్తులో మనం చూసే హోంగార్డులు ఆ వరసవాళ్లే.

మత్స్యకార ఊళ్లో కొత్త దళం కట్టేటప్పుడు మొదటి సాయంత్రమే పేర్లతో పాటు ఊరి పటం గీయిస్తాం. సిమెంటు గట్టు మీద సుద్దముక్కతోనే. ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారు, ఏ దారి ముందు మునుగుతుంది, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది, రాత్రి వేటకు వెళ్లిన పడవలు ఎవరు లెక్కపెడతారు. ఆ పటం మీద ప్రతి ముక్కకూ ఒక పేరు రాసేదాకా ఎవరూ లేవరు. పటం గీసేది ఎక్కువగా ఆడవాళ్లే, అందువల్ల సెక్షన్ లీడర్లలో సగమైనా వాళ్లే ఉండేలా చూస్తాం. రెండో వారంలో ఒక రాత్రి కాపలా, ఇద్దరిద్దరు వంతుల మీద, గట్టు నుంచి సముద్రం చూడడం, ఏ గంటకు ఏం కనిపించిందో పుస్తకంలో రాయడం. లైఫ్ జాకెట్లు, తాళ్లు, మైకులు ఆ తర్వాతే. వాటిని చూసి చేరేవాళ్లు కొందరుంటారు, ఆలస్యమైందని మానేస్తారు. పోనీ. గట్టు మీద రాత్రి కాపలాకి రెండోసారి వచ్చినవాళ్లే మా దళం.

ఒక విషయంలో మాత్రం మేము బ్రిటన్ దారిలో వెళ్లలేదు. 1942 మొదట్లో అక్కడ హోం గార్డ్‌ను నిర్బంధం చేశారు, నెలకు 48 గంటల దాకా డ్యూటీ, రాకపోతే కోర్టు. అంతకుముందు రెండు వారాల ముందస్తు నోటీసు ఇచ్చి ఎవరైనా వెళ్లిపోవచ్చు. యుద్ధ అవసరం అలాంటిది కావచ్చు. 1,206 మంది ఆ డ్యూటీలో ప్రాణాలు కోల్పోయారు కూడా, 1944 డిసెంబర్ 3న దళాన్ని విరమింపజేసేదాకా. కానీ ఊరి దళానికి నిర్బంధం పెడితే రిజిస్టరు నిండుతుంది, గట్టు ఖాళీ అవుతుంది. మా రిజిస్టరులో చివరి పేజీ వెళ్లిపోయేవాళ్ల కోసం ఉంచుతాం. పెళ్లై వేరే ఊరు వెళ్లేవాళ్లు, గల్ఫ్ వీసా వచ్చినవాళ్లు, ఒంట్లో బాగోక ఆగిపోయేవాళ్లు తమ వీధి ముక్కను ఇంకొకరికి చూపించి, ఇద్దరూ కలిసి ఒక రాత్రి కాపలా కాసి, ఆ పేజీలో సంతకం పెట్టి వెళతారు.